కార్పెంటర్ శిక్షణకు ముందు చెక్క ఇవ్వండి: అనంతపురం నుంచి బహిరంగ లేఖ

అనంతపురం జిల్లాలో నైపుణ్య శిక్షణ బాధ్యత చూస్తున్న అధికారులకు, ఐటీఐల ప్రిన్సిపాళ్లకు, ఫర్నిచర్, ఇంటీరియర్ కార్ఖానాల యజమానులకు, ప్రజాప్రతినిధులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేం ఈ జిల్లాలో వడ్రంగం మీదా క్యాబినెట్ పని మీదా బతుకుతున్న మేస్త్రీలం. మాలో కొందరు కార్పెంటర్ ట్రేడు పిల్లలకు పాఠం చెప్పినవాళ్లు. ఈ పనిలోకి కొత్తగా రావాలనుకునే పిల్లలకు సరైన శిక్షణ అందడం లేదని ఇదివరకే అర్జీలు పెట్టాం. రసీదులు చేతికొచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఈ మాట ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాం. లోపం ఎక్కడుందో, ఏం చేస్తే తీరుతుందో కొలతలతో సహా చెబుతున్నాం, దయచేసి చివరిదాకా చదవండి.

మా మాట ఒక్కటే. కార్పెంటర్ శిక్షణ పేరు మీద గది ఉంది, సిలబస్ ఉంది, హాజరు పట్టీ ఉంది, పరీక్ష ఉంది. కోసి, చెక్కి, పాడుచేసి, మళ్లీ కోసి నేర్చుకోవడానికి పిల్లల చేతిలో చెక్క లేదు. మిగతా లోపాలన్నీ దీని వెనకే వస్తున్నాయి.

1. పని నేర్చుకునే పాత దారి మూసుకుపోయింది.

మడక, గొర్రు, గుంటక, బండి చక్రం, వాకిలి, మంచం. ఊళ్లో వడ్లాయన ఇంటి ముందు ఇవన్నీ తయారవుతుంటే పిల్లలు చూస్తూనే సగం పని నేర్చుకునేవాళ్లు. ఏ చెక్క దేనికి పనికొస్తుందో, చేవ (మాను లోపలి గట్టి చెక్క) ఎక్కడ మొదలై తెల్లచెక్క (బెరడు కింది మెత్తటి చెక్క) ఎక్కడ ఆగుతుందో, ఉలిని ఏ వాలులో పట్టాలో ఒకరు చెప్పకుండానే తెలిసేది. ఇప్పుడు వేరుశనగ విత్తేది ట్రాక్టరు వెనక ఇనుప గొర్రుతో. వాకిళ్లు స్టీలువో, యూపీవీసీవో పెడుతున్నారు. వడ్రంగికి మిగిలిన పనిలో ఎక్కువ భాగం వంటగది క్యాబినెట్లు, బట్టల అల్మరాలు, టీవీ యూనిట్లు, షాపుల కౌంటర్లు. ఇవన్నీ ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక), లామినేట్ (పైన అంటించే పలుచటి షీటు), హార్డ్‌వేర్‌తో చేసేవి. పాత మేస్త్రీకి చేతి పని తెలుసు గానీ ఈ కొలతల పద్ధతి చాలామందికి తెలియదు. కొత్త పద్ధతి తెలిసిన కార్ఖానావాళ్లు పని వచ్చినవాళ్లనే పెట్టుకుంటారు, నేర్పేందుకు వాళ్లకు తీరిక లేదు.

మధ్యలో పిల్లలు మిగిలిపోతున్నారు. పదో తరగతి తప్పినవాడో, ఇంటర్ ఆపేసినవాడో బెంగళూరు బస్సెక్కి హెల్పరుగా చేరతాడు. షీట్లు మోస్తాడు, జిగురు పూస్తాడు, అంచులకు పట్టీలు అంటిస్తాడు. ఏ పలక ఏ కొలతకు కోయాలో రాసే కటింగ్ లిస్టు మాత్రం అతని చేతికి రాదు. కొలత తీసేవాడే మేస్త్రీ, ఆ పని ఇంకొకరికి వదలరు. ఏళ్లు గడిచినా హెల్పరు హెల్పరుగానే ఉంటాడు. ఇక్కడి మంచి మాడ్యులర్ పనులకు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన బృందాలను పిలుస్తున్నారు. వాళ్ల మీద మాకు ఏ కోపమూ లేదు. వాళ్లు ఆ పనిలో పుట్టి పెరిగినవాళ్లు, చక్కగా చేస్తారు. మన పిల్లలకు అలా ఎదిగే అవకాశం లేకపోవడమే మా బాధ.

2. ఐటీఐలో 840 గంటలు ఉన్నాయి, చెక్క లేదు.

కార్పెంటర్ ట్రేడు ఏడాది కోర్సు. ఎనిమిదో తరగతి పాసైతే చేరవచ్చు. కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ 2022లో సవరించిన సిలబస్ ప్రకారం ఏడాదికి 1,200 గంటలు. అందులో ప్రాక్టికల్ 840, థియరీ 240, ఉపాధి నైపుణ్యాలు 120 గంటలు. వీటికి తోడు 150 గంటలు పని చోట శిక్షణగానో ప్రాజెక్టుగానో చేయాలి. కాగితం మీద ఇది మంచి కోర్సు. ఎనిమిదో తరగతి చదివిన పిల్లాడికి 840 గంటలు చేతిపని నేర్పడం చిన్న అవకాశం కాదు.

ఆ 840 గంటలు ఎలా గడుస్తున్నాయో చూడండి. ఒక అతుకు నేర్చుకోవాలంటే కనీసం మూడు నాలుగు సార్లు చేయాలి. ఉదాహరణకు బెజ్జంలో నాలుక దిగే మార్టైజ్ అతుకు. మొదటిసారి బెజ్జం గోడలు నిలువుగా రావు, ఉలి లోపలికి వాలిపోతుంది. రెండోసారి గోడ నిలువుగా వస్తుంది గానీ నాలుక గీత లోపలికి కోసేస్తారు, అతుకు వదులవుతుంది. గీతను సగం ఉంచి కోయడం, బెజ్జాన్ని రెండు వైపుల నుంచీ మధ్యకు తవ్వడం చేతికి అలవాటయ్యేది మూడో ముక్క మీదే. నాలుక మందం చెక్క మందంలో మూడో వంతు ఉండాలన్న సూత్రం పుస్తకంలో చదివితే గుర్తుంటుంది. ఎందుకు ఉండాలో మాత్రం మందం ఎక్కువ పెట్టి బెజ్జం పక్క గోడ పగిలినప్పుడే తెలుస్తుంది. ఇంతా చేసి ఒక్కొక్కరికి కావలసింది అడుగున్నర పొడవు ముక్కలు అరడజను. అవి కూడా ఇవ్వలేని చోట ఒక ముక్క మీద నలుగురు కలిసి గీతలు గీసి, ఒకరు కోస్తుంటే ముగ్గురు చూస్తున్నారు. పోయినేడు బ్యాచ్ చేసిన అతుకును విప్పి మళ్లీ బిగించి రికార్డులో రాసుకుంటున్నారు.

అలా పాసైనవాడికి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. కార్ఖానాకు వెళ్తే యజమాని సర్టిఫికెట్ చూడడు, ఒక చెక్కముక్క ఇచ్చి చిత్రిక పట్టమంటాడు. అక్కడే అయిపోతుంది. ఆ యజమాని తర్వాత ఐటీఐ పిల్లలను తీసుకోడు, ఆ సంగతి విన్న తల్లిదండ్రులు తర్వాతి ఏడాది ఆ ట్రేడులో చేర్పించరు. సీట్లు ఖాళీగా ఉన్నాయని చివరికి ట్రేడే ఎత్తేస్తారు. గిరాకీ లేక సీట్లు మిగలడం లేదు, నేర్పకపోవడం వల్ల మిగులుతున్నాయి.

3. వారం రోజుల శిక్షణలు కొత్తవాళ్లకు సరిపోవు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులు ఉన్నారు. మేం దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, కావాలంటే 15 రోజుల పైస్థాయి శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, 15,000 రూపాయల టూల్ కిట్ వోచరు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం. ఇప్పటికే పనిలో ఉన్నవాడికి ఇది పెద్ద సాయం.

కానీ ఆ పథకం పెట్టిందే ఇప్పటికే చేతిపని చేసుకుంటున్నవాళ్ల కోసం. పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, ఆ వృత్తిలో ఉండాలి, కుటుంబానికి ఒక్కరికే వర్తిస్తుంది. పదహారేళ్ల పిల్లాడు వడ్రంగం నేర్చుకుంటానంటే ఆ పథకంలో అతనికి చోటు లేదు, ఉండాలని అది చెప్పుకోలేదు కూడా. నలభై గంటల శిక్షణ పనివాడికి కొత్త పరికరం అలవాటు చేయగలదు, పని రానివాడిని పనివాడిని చేయలేదు. శిక్షణ పొందినవారి లెక్కలో రెండు రకాలనూ కలిపి చూపిస్తే ఐటీఐ ట్రేడు అవసరం తీరిపోయినట్టు కనిపిస్తుంది. దయచేసి ఈ రెండు లెక్కలూ విడిగా చూడండి.

4. మన వాతావరణానికి తగ్గ చెక్క జ్ఞానం ఎవరూ నేర్పడం లేదు.

ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇల్లు కట్టుకున్న ప్రతి కుటుంబానికీ దీని దెబ్బ తగులుతోంది. ఉగాదికి ముందు బిగించిన తలుపు శ్రావణంలో పట్టేస్తుంది. వానల్లో చేసిన తలుపు మళ్లీ ఎండాకాలానికి సందులిచ్చి, గది లోపలి వెలుతురు బయటికి కనిపిస్తుంది. మేస్త్రీ మోసం చేశాడని ఇంటివాళ్లు అంటారు, చెక్క బాగోలేదని మేస్త్రీ అంటాడు. చాలాసార్లు ఇద్దరి మాటా తప్పే.

చెక్కలో తేమ గాలిని బట్టి మారుతుంది. అనంతపురం దేశంలోనే బాగా వానలు తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. ఏప్రిల్, మే ఎండల్లో నీడలో ఉన్న చెక్కలో తేమ 7, 8 శాతానికి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. ముసురు పట్టిన రోజుల్లో 13, 14 శాతానికి పెరుగుతుంది. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి వలయాల వెంబడి వెడల్పులో దాదాపు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుంటుంది. పొడవులో మార్పు లెక్కలోకి రాదు. ఇప్పుడు తలుపులో 450 మిల్లీమీటర్ల వెడల్పు టేకు పలక ఉందనుకోండి. తేమ 14 నుంచి 8 శాతానికి పడితే మామూలుగా కోసిన పలక దాదాపు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అదే దుంగను తిప్పి, వలయాలు పలకకు నిలువుగా వచ్చేలా కోస్తే రెండు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా తగ్గుతుంది. సామిల్లులో దుంగను ఎటు తిప్పి పెట్టాలో తెలిసిన మనిషి ఉంటే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

మిగతా సగం అమరికలో ఉంది. పలకను చట్రం గాడిలో నాలుగు వైపులా జిగురు పెట్టి బిగిస్తే అది కదలలేక నిలువుగా చీలుతుంది. గాడిలో జిగురు లేకుండా కూర్చోబెట్టి, ఎండాకాలంలో చేస్తే ఒక్కో పక్కన మూడేసి మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. వానాకాలంలో చేస్తే దాదాపు ఖాళీ లేకుండా పెట్టాలి గానీ, తగ్గినప్పుడు బయటపడకుండా గాడి లోతు ఎక్కువ ఉంచాలి. పాలిషు బిగించకముందే పలక అంచుల దాకా వేయాలి, లేకపోతే ఎండాకాలంలో పలక తగ్గి, పాలిషు లేని తెల్ల గీత బయటపడుతుంది. ఈ నాలుగు మాటలు ఒక్క రోజు పాఠం. రెండు ముళ్ల తేమ మీటరు ఒకటి ఉంటే ఆ పాఠం కళ్ల ముందే నిరూపించవచ్చు.

చెక్క ఆరబెట్టడం కూడా ఇలాంటిదే. కోసిన పలకల మధ్య అంగుళం మందం పట్టీలు రెండడుగులకొకటి, పై నుంచి కింది దాకా ఒకే వరుసలో పెట్టాలి. వరుస తప్పితే పలకలు మెలిపడతాయి. చివరలకు రంగో మైనమో పూయకపోతే అక్కడ ముందు ఆరి నెర్రెలిస్తాయి. అంగుళం మందానికి నీడలో ఏడాది ఆరబెట్టడం పాత లెక్క. ఏ పనికి ఎంత తేమ ఉన్న చెక్క వాడాలో, దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడగొట్టి ఐఎస్ 287 అనే భారతీయ ప్రమాణం చెబుతోంది. శిక్షణలో చేరిన పిల్లాడికి ఆ ప్రమాణం ఉందన్న సంగతి కూడా తెలియడం లేదు. మన నల్లతుమ్మ, వేప చేవ మంచి చెక్కలు. తెల్లచెక్క తీసేయకుండా వాడితే పురుగు పట్టి పిండి రాలుతుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. ఇది తెలియక జనం ఊరి చెక్కను వదిలేసి దిగుమతి చెక్కకు డబ్బు పోస్తున్నారు.

చెక్క లెక్క కూడా రావాలి. 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ద్వారబంధానికి రెండు నిలువులు, పై పట్టె, గడప కలిపి 21 అడుగులు. 5×3 అంగుళాల చెక్కయితే 21ని 15తో గుణించి 144తో భాగిస్తే 2.19 ఘనపుటడుగులు. తరుగు, అతుకుల చివరలు కలిపి రెండున్నర కొంటే చాలు. ఈ లెక్క రాని మేస్త్రీ మూడున్నర రాయిస్తే, ఆ అదనపు చెక్క డబ్బు అప్పు చేసి ఇల్లు కడుతున్నవాళ్ల జేబులోంచే పోతుంది.

5. క్యాబినెట్ పని మిల్లీమీటర్లలో ఉంటుంది, శిక్షణ ఇంకా అంగుళాల్లో ఆగిపోయింది.

వంటగదిలో 600 మిల్లీమీటర్ల వెడల్పు కింది డబ్బా ఒకటి తీసుకుందాం. ఎత్తు 720, లోతు 560, ప్లై మందం 18. పక్క పలకలు రెండు, 720×560. అడుగు పలక వెడల్పు 600 కాదు, రెండు పక్కల మందం 36 తీసేసి 564. షట్టరు, అంటే డబ్బా తలుపు, చుట్టూ సందు కోసం మూడు తగ్గించి 597×717. లోపల సొరుగు పెట్టాలంటే అది జారే ఇనుప పట్టా, అంటే టెలిస్కోపిక్ చానల్‌కు పక్కకు 13 చొప్పున 26 పోగా సొరుగు బయటి కొలత 538. దాన్ని 540 చేస్తే చానల్ బిగుసుకుని, నాలుగు నెలల్లో బేరింగులు అరిగిపోతాయి. 534 చేస్తే చానల్ సాగిపోయి సొరుగు ఊగుతుంది, బరువు పెడితే జారి కింద పడుతుంది. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించి తేడా పనికిరాదు. షీటు మీద గీసేటప్పుడు బ్లేడు మందం మూడు మిల్లీమీటర్లు ప్రతి కోతకూ కలపాలి, అది మరిచిపోతే చివరి ముక్క పొట్టిగా వస్తుంది. డబ్బా బిగించాక మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవాలి. అవి సమానంగా లేకపోతే షట్టరు ఎంత సర్దినా సందు సమంగా రాదు.

లోపలికి మడిచే హింజీకి (కీలుకు) 35 మిల్లీమీటర్ల గుంత, 12 నుంచి 13 లోతు, షట్టరు అంచు నుంచి 5 దూరం. 18 మిల్లీమీటర్ల పలకలో ఇక మిగిలేది 5, 6 మిల్లీమీటర్లే. డ్రిల్లుకు లోతు ఆపే కాలరు పెట్టకపోతే ముందువైపు లామినేట్ ఉబ్బుతుంది. కస్టమర్ ముందు షట్టరు మొత్తం మార్చాలి. ఒక వైపే లామినేట్ అంటించి, వెనక సమతూకానికి ఇంకో పలుచటి షీటు అంటించకపోతే పొడుగాటి అల్మరా తలుపులు ఏడాది తిరక్కుండానే వంగిపోతాయి. సింకు కింద మరిగే నీటికీ తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లై వాడాలి, దానికి ఐఎస్ 710 ముద్ర చూడాలి. గాలి తేమకే గానీ నీటి తడికి తట్టుకోని ఎంఆర్ గ్రేడు పెడితే అంచులు ఉబ్బి పొరలు విడిపోతాయి. రెండు షీట్లూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, ముద్ర చదవడం ఎవరో ఒకరు నేర్పితేనే వస్తుంది.

అప్పు తీసుకుని, నెలనెలా కిస్తీలు కడుతూ వంటగది చేయించుకున్న కుటుంబానికి, కిస్తీలు తీరకముందే సొరుగులు ఊడి చేతికొస్తే ఆ నష్టం ఎవరు భరించాలి? రిపేరుకు ఏ మేస్త్రీ రాడు, ఎందుకంటే లోపం మొదటి కొలతలోనే ఉంది.

6. వేళ్లు తెగుతున్నాయి.

పనిచోట చూస్తే చాలామంది చేతిలో రాయి కోసే నాలుగంగుళాల కట్టరు, దానికి చెక్క బ్లేడు. కొందరు దాన్ని ప్లై ముక్క కింద తలకిందులుగా బిగించి, స్విచ్ లాక్ చేసి, రంపం బల్లగా వాడుకుంటారు. నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరిగే బ్లేడు మీద కవచం లేదు, కోసిన చెక్క బ్లేడును నొక్కకుండా వెనక నిలబడే రివింగ్ కత్తి లేదు. చెక్క మధ్యలో బిగుసుకుందంటే బ్లేడు దాన్ని మనిషి మీదికి విసురుతుంది, తోస్తున్న చెయ్యి బ్లేడు మీదికి పోతుంది. తోసే కర్ర ఒకటి, పది రూపాయల చెక్కముక్క, వాడటం అలవాటు చేస్తే వేళ్లు మిగులుతాయి. ఆ అలవాటు మొదటి నెలలో పడాలి, తర్వాత పడదు.

చెక్కపొడి సంగతి ఇంకా ఎవరూ పట్టించుకోవడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కపొడిని క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో 1995లోనే చేర్చింది. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ కూడా అదే జాబితాలో ఉంది. మూసిన గదిలో, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని రోజంతా ఎండీఎఫ్ కోస్తున్న పిల్లలకు ఈ మాట చెప్పినవాళ్లు లేరు. తువ్వాలు సన్నపొడిని ఆపలేదు.

ప్రమాదం జరిగితే ఆదుకునే ఏర్పాటూ అందరికీ అందదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో 18 నుంచి 60 ఏళ్లలోపు వారు, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు చూపితే నమోదు కావచ్చు. కార్ఖానాలోనే కూర్చుని క్యాబినెట్లు చేసేవాడు ఆ లెక్కలోకి వస్తాడో రాడో అడిగితే ఒక్కో చోట ఒక్కో జవాబు వస్తోంది.

7. అప్రెంటిస్ దారి చిన్న కార్ఖానాలకు తెరుచుకోలేదు.

అప్రెంటిస్ నిబంధనల ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న సంస్థలు అప్రెంటిస్‌లను, అంటే భృతి తీసుకుంటూ పనిలోనే నేర్చుకునేవాళ్లను, తప్పక తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నవాళ్లు ఇష్టమైతే తీసుకోవచ్చు. నలుగురికంటే తక్కువుంటే ఆ లెక్కలోకే రారు. మా ఊళ్లలో వడ్రంగం కార్ఖానా అంటే మేస్త్రీ, ఇద్దరు పనివాళ్లు. అంటే పని నిజంగా జరిగే చోటు చట్టం దృష్టిలో లేనట్టే. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద భృతిలో నాలుగో వంతు, గరిష్ఠంగా నెలకు 1,500 రూపాయలు కేంద్రం భరించేలా ఏర్పాటు ఉన్నా మాకు దక్కడం లేదు. భృతి లేకుండా ఏడాది నేర్చుకోమంటే కూలి చేసుకునే ఇంటి పిల్లాడు ఎలా నిలబడతాడు? మొదటి వారానికే కూలి ఎక్కువిచ్చే మట్టి పనికో, లోడింగ్ పనికో పోతాడు.

ఇక మేం అడుగుతున్నవి:

ఒకటి. కార్పెంటర్ ట్రేడులో చేరిన ప్రతి విద్యార్థి పేరు మీద ముడిసరుకు కేటాయించండి, అది అతని చేతికి అందినట్టు సంతకం తీసుకోండి. మా అంచనా ప్రకారం ఏడాదికి ఒక్కొక్కరికి కోసిన చెక్క 4 ఘనపుటడుగులు (వేప, తుమ్మ, కొద్దిగా టేకు), 18 మిల్లీమీటర్ల ప్లై 2 షీట్లు, 6 మిల్లీమీటర్లది ఒక షీటు, లామినేట్ 2 షీట్లు, హింజీలు 4 జతలు, చానళ్లు 2 జతలు, జిగురు, స్క్రూలు. ఒక షీటులో పైన చెప్పిన డబ్బా, దాని షట్టరు, సొరుగు వస్తాయి. మొదటి షీటు నేర్చుకోవడానికి, రెండోది పరీక్షకు. చదరపు అడుగు 100 రూపాయల ప్లై అనుకుంటే షీటు 3,200. అన్నీ కలిపి ఒక్కొక్కరికి 15,000 రూపాయల చుట్టుపక్కల అవుతుంది. పని వచ్చినవాడికి టూల్ కిట్ కోసం ప్రభుత్వం ఇస్తున్నది కూడా ఇంతే. పని నేర్చుకునేవాడి చెక్కకు అంత ఖర్చు ఎక్కువేమీ కాదు.

రెండు. ఆ చెక్కలో కొంత భాగం డబ్బు పెట్టకుండానే దొరుకుతుంది. రోడ్ల విస్తరణలో కొట్టేసిన వేప, చింత, తుమ్మ చెట్లు వేలానికి పోతున్నాయి. ప్రతి వేలం నుంచి కొన్ని దుంగలు ఐటీఐలకు ఇవ్వాలని ఆదేశాలివ్వండి. దుంగ నుంచి పలక దాకా, అంటే కోయించడం, పేర్చి ఆరబెట్టడం, తేమ కొలవడం, పిల్లలే చేస్తే పైన నాలుగో అంశంలో రాసిందంతా వాళ్లకు చేతిమీదుగా వస్తుంది.

మూడు. ప్రతి శిక్షణ కేంద్రంలో కవచం, రివింగ్ కత్తి ఉన్న రంపం బల్ల, పొడి పీల్చే యంత్రం, మూడు నాలుగు సైజుల మాస్కులు, తేమ మీటరు తప్పనిసరిగా పెట్టండి. ఇవి లేని చోట యంత్రాల ప్రాక్టికల్ నడపకూడదని రాతపూర్వకంగా చెప్పండి. 18 ఏళ్లు నిండనివాళ్లను కవచం లేని యంత్రం దగ్గర నిలబెట్టిన కార్ఖానా మీద, అది మాలో ఎవరిదైనా సరే, చర్య తీసుకోండి.

నాలుగు. చివరి ప్రాక్టికల్ పరీక్షకు ముందు జిల్లా స్థాయిలో ఒక పని పరీక్ష పెట్టండి. మూడు రోజుల్లో ఒక డబ్బా, ఒక సొరుగు, ఒక చట్రం తలుపు. కర్ణాల తేడా 2 మిల్లీమీటర్లు దాటకూడదు, సొరుగు చేతితో మెల్లగా తోస్తే చివరిదాకా పోవాలి. కొలిచేటప్పుడు బయటి మేస్త్రీలు ఇద్దరు ఉండాలి. ఫలితాలు కార్ఖానాల యజమానులకు కనిపించేలా పెడితే, ఉద్యోగాలు వాటంతట అవే వస్తాయి.

ఐదు. నలుగురికంటే తక్కువమంది ఉన్న కార్ఖానాలను ఐదారు చొప్పున కలిపి ఒక గుంపుగా అప్రెంటిస్‌లను తీసుకునేందుకు దారి చూపండి. ఐటీఐ పిల్లల 150 గంటల పనిచోటు శిక్షణను కూడా ఆ గుంపుల్లోనే ఇప్పించవచ్చు. భృతి ఆలస్యం కాకుండా చూడటం మాత్రం మీ చేతిలో ఉంది.

ఆరు. బోధకులను పంపి నేర్పించండి. ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల దూరంలో, బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థలో ఆధునిక యంత్రాల మీద చెక్కపని నేర్పే శిక్షణ కేంద్రం ఉంది. ప్రతి కార్పెంటర్ బోధకుడినీ రెండేళ్లకోసారి అక్కడికి పంపితే పాఠం అంగుళాల నుంచి మిల్లీమీటర్లకు మారుతుంది. చెన్నైలోని నిమి (జాతీయ బోధన మాధ్యమ సంస్థ) ముద్రించే ట్రేడు పుస్తకాలు, కొలతల బొమ్మలు తెలుగులో పిల్లల చేతికి అందాలి. ఇంగ్లిషు రాకపోవడం వల్ల మంచి చెయ్యి ఉన్న పిల్లాడు డ్రాయింగ్ దగ్గర ఆగిపోకూడదు.

ఏడు. ఆడపిల్లలను ఈ ట్రేడులోకి పిలవండి. కటింగ్ లిస్టు, డిజైన్ డ్రాయింగ్, అంచు పట్టీలు, అసెంబ్లీ, చెక్కడం, పాలిషు, ఏ పనికీ మగవాడే కావాలన్న నియమం లేదు. తలుపున్న మరుగుదొడ్డి ఉంటే చాలు, వాళ్లు వస్తారు.

మా వంతుగా మేం చేయగలిగింది కూడా రాస్తున్నాం. మాలో పని తెలిసినవాళ్లు వారానికి రెండు పూటలు వచ్చి ప్రాక్టికల్ నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం, దానికి గౌరవ వేతనం అడగడం లేదు. నాలుగో కోరికలో చెప్పిన పని పరీక్షకు కొలిచే మేస్త్రీలుగా వస్తాం. మా కార్ఖానాల్లో మిగిలిన ప్లై ముక్కలు, లామినేట్ తుంపులు ఐటీఐకి ఇస్తాం. అవి మొదటి నెల అభ్యాసానికి పనికొస్తాయి గానీ, మొదటి కోరికలో అడిగిన సరుకుకు బదులుగా వాటిని లెక్క కట్టవద్దు.

మొదటి మూడు కోరికలపై కొత్త బ్యాచ్ ప్రవేశాలు మొదలయ్యేలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఎవరి స్థాయిలో ఏది ఆగుతోందో, నిధులైతే ఏ పద్దులో లేవో, అనుమతైతే ఎవరి అనుమతి కావాలో ఆ జవాబులో చెప్పండి. దాన్ని బట్టి మా తర్వాతి అర్జీ ఎవరికి పెట్టాలో మాకు తెలుస్తుంది.

ఇట్లు,
అనంతపురం జిల్లా వడ్రంగి మేస్త్రీలు, క్యాబినెట్ పనివాళ్లు, కార్పెంటర్ ట్రేడు బోధకులు